ఖాళీ గిన్నె మినహాయింపు

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని కాను. అలాంటి ఒకాయన దగ్గర పదకొండేళ్లు గుమాస్తాగా చేసి, ఆయన సంతకం తప్ప మిగతా పనంతా నేనే చేస్తున్నానని తెలుసుకుని, బయటికొచ్చి బోర్డు పెట్టుకున్నవాణ్ణి. "ఎం. ధనుంజయరావు. అన్ని రకముల పన్నుల ఫారములు నింపబడును." ఇరవై ఆరేళ్లుగా నింపుతున్నాను. మా ఊళ్లో ఏ భార్యకు తెలియని డిపాజిట్టు ఏ భర్తకుందో, ఏ భర్తకు తెలియని చీటీ ఏ భార్య కడుతోందో నాకు తెలుసు. జనం డాక్టరుకు రోగం చెప్పుకుంటారు, సిద్ధాంతికి నక్షత్రం చెప్పుకుంటారు, నాకు ఆదాయం చెప్పుకుంటారు. మొదటి ఇద్దరికీ నిజమే చెబుతారు.

అందుచేత గిన్నెల పన్ను వచ్చినప్పుడు నేను అందరిలా నోరెళ్లబెట్టలేదు. సంతోషించాను. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది, తరవాత ఎలాగూ బయటపడుతుంది.

ఖజానాకు కొత్త రాబడి మార్గాలు వెతకమని ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షుడు జిల్లాలు తిరుగుతూ మా వైపు వచ్చి ఎవరో బంధువుల ఇంట్లో దిగాడు. ఆ మధ్యాహ్నం ఇంటావిడ పనసపొట్టు కూర ఆవపెట్టి చేసి, ఒక గిన్నెడు పక్కింటికి పంపింది. సాయంత్రానికి అదే గిన్నె నాలుగు అరిసెలతో తిరిగొచ్చింది. "ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదండీ, అందుకని పెట్టుంటారు" అంది ఆవిడ, ఆయనకో అరిసె అందిస్తూ. ఆయన అరిసె తింటూనే ఆలోచించాడు. రాష్ట్రంలో ఇన్ని లక్షల ఇళ్లున్నాయి, ప్రతి ఇంటికీ పక్కిల్లుంది, గోడ మీంచి పగలంతా సరుకు అటూ ఇటూ పోతోంది, ఒక్కదానికీ బిల్లు లేదు. మూడు నెలల్లో చట్టం వచ్చింది.

దాని అసలు పేరు పాత్రాంతర వినిమయ సుంకం. అందులో ప్రాణంలాంటి వాక్యం ఇది: "ఒక గృహము నుండి మరియొక గృహమునకు వంటకము వెళ్లి, సదరు పాత్ర వట్టిగా తిరిగి వచ్చినచో దానిని దానముగా పరిగణించి మినహాయింపు ఇవ్వవలెను. సదరు పాత్రయందు ఏదేని వస్తువు ఉన్నచో దానిని వాణిజ్యముగా పరిగణించి ఉభయులనుండి సుంకము వసూలు చేయవలెను."

చట్టం అంత స్పష్టంగా ఉంటే మన జనం ఊరుకుంటారా? మర్నాటి నుంచే గిన్నె ఖాళీగా పంపి, ఓ గంట పోయాక అరిసెలు కాగితంలో చుట్టి పంపడం మొదలెట్టారు. శాఖవారు ఇరవై నాలుగు గంటల నియమం తెచ్చారు. గిన్నె చేరిన ఇరవై నాలుగు గంటల్లోపు ఏది వచ్చినా గిన్నెలో వచ్చినట్టే. జనం ఇరవై ఐదో గంట దాకా ఆగడం మొదలెట్టారు. ఆ వేసవిలో మా వీధిలో పాచిపోయిన సేమ్యా పాయసం ఎంతమంది తాగి మంచాన పడ్డారో ఏ శాఖా లెక్క రాయలేదు.

తరవాత వంటకముల ప్రామాణిక మూల్య పట్టిక వచ్చింది. చారు, మజ్జిగపులుసు ద్రవ వర్గం. పప్పు అర్ధద్రవ వర్గం. వేపుళ్లు ఘన వర్గం. దప్పళం ఎందులోకి వస్తుందో తెలియక మా ఊరి పన్నుల ఆఫీసు వాళ్లు రాజధానికి రాస్తే, గరిటె నిలబడితే అర్ధద్రవం, పడిపోతే ద్రవం అని జవాబొచ్చింది. దానితో పాటు ప్రామాణిక గరిటె కూడా ఒకటి పంపారు.

నా గుమ్మం ముందు జనం బారులు తీరారు. ఆదాయప్పన్నుకు మగవాళ్లొచ్చేవారు, గిన్నెల పన్నుకు ఆడవాళ్లు రావడం మొదలైంది. లెక్క ఇద్దరిలో ఎవరికి బాగా తెలుసో ఆ నెలలోనే నాకు అర్థమైంది. మగవాడికి పోయినేడు జీతమెంతో గుర్తుండదు. ఆడవాళ్లకు ఆరేళ్ల కిందట ఎవరింటి నుంచి ఎన్ని గారెలొచ్చాయో, అందులో ఎన్ని మాడాయో గుర్తు.

బ్యాంకు మేనేజరు గారి భార్య భాగ్యవతి గారు పట్టిక చేత్తో పట్టుకుని వచ్చారు. ఆవిడ పులిహోరను ఇన్‌స్పెక్టరు రుచిని బట్టి మూడో తరగతిలో వేసి గిన్నెకు పాతిక రూపాయలు వెల కట్టాడు. ఎదురింటావిడది మొదటి తరగతి, నలభై.

"తగ్గించమని అప్పీలు చెయ్యాలాండీ?" అన్నాను.

"తగ్గించడమేంటండీ, పెంచమనండి. పన్నెంతైనా మా వారు కడతారు. నా పులిహోర పాతిక రూపాయలదని ఆఫీసులో గోడకి అంటించారు, నేను రోజూ ఆ దారినే గుడికెళ్లాలి."

పన్ను ఎక్కువ వెయ్యమని అప్పీలు రాయడం నా సర్వీసులో అదే మొదలు. శాఖవారు ముగ్గురు సభ్యులతో రుచి నిర్ధారణ బృందాన్ని పంపారు. వాళ్లు మూడు వాయిదాలు తిన్నారు. తుది నిర్ణయానికి రావడానికి మరొక వాయిదా అవసరమని, ఈసారి జీడిపప్పు వేసి చేస్తే పరిశీలనకు అనుకూలంగా ఉంటుందని రాశారు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. నా ఫీజు గిన్నెకు రెండు రూపాయలు. మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. బుద్ధున్నవాడెవడైనా అక్కడితో ఆగుతాడు. నేను నా సొంత ఫారం నింపుకోవడానికి కూర్చున్నాను.

మా పెరటిగోడ అవతల వరహాలమ్మ అనే ముసలావిడ ఉంటుంది. భర్త జూట్‌మిల్లులో పనిచేసి పోయాడు. ఆవిడకి డెబ్బై దాటాయి, చూపు తగ్గింది, పొయ్యి దగ్గర కూర తాలింపు పెట్టబోయి రెండుసార్లు చెయ్యి కాల్చుకుంది. అప్పటి నుంచి ఆవిడ అన్నం మాత్రం వండుకుంటుంది. కూర మా ఆవిడ సుభాషిణి పంపుతుంది, రోజుకో గిన్నె. మర్నాడు పొద్దున్న ఆ గిన్నె తోమి, తళతళలాడించి, అందులో నాలుగు కరివేపాకు రెబ్బలో గుప్పెడు మునగాకో వేసి గోడ మీద పెడుతుంది. నెలకు నాలుగు వేల పింఛను, రేషను బియ్యం, మా గిన్నె, ఇవీ ఆవిడ బతుకు.

నా బుర్రకు అందులో ఒక సదుపాయం కనిపించింది. కూర పట్టిక ప్రకారం అరవై రూపాయలు. కరివేపాకు రెండు రూపాయలు. అంటే రోజుకు యాభై ఎనిమిది రూపాయల వినిమయ నష్టం. ఏడాదికి ఇరవై ఒక్క వేల నూట డెబ్బై. ఆ నష్టాన్ని నా ఆదాయంలోంచి తీసేసుకోవచ్చునని చట్టంలోనే ఉంది, పన్నెండో సెక్షను. ఊళ్లో అంత శుభ్రంగా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎదుటి పార్టీ పేరు అనే గడిలో వరహాలమ్మ పేరు గుండ్రంగా రాశాను.

ఒకరికి నష్టమొస్తే ఇంకొకరికి లాభం రావాలి కదా. పదిహేను రోజుల్లో ఇన్‌స్పెక్టరు పైడిరాజు వరహాలమ్మ ఇంటికొచ్చాడు. ఆవిడ మంచినీళ్లిచ్చింది. గ్లాసు మీద "బి. అప్పలస్వామి" అని ఉంది. పైడిరాజు నీళ్లు తాగకుండా గ్లాసుకేసి చూశాడు. తరవాత అటక మీదికి చూశాడు.

స్టీలు గిన్నె కొంటే కొట్లోనే పేరు చెక్కించడం మనకు అలవాటు. పెళ్లికి చదివించే గిన్నె మీద ఆ చదివించినవాళ్ల పేరుంటుంది. వరహాలమ్మ పెళ్లికి మిల్లులో భర్తతో పాటు పనిచేసేవాళ్లు తలా ఒకటి చదివించారు. ముప్పై ఎనిమిది సామాన్లు, ముప్పై ఎనిమిది పేర్లు. శాఖవారి చేతిపుస్తకంలో మాత్రం ఒకటే ముక్క ఉంది: పాత్రపై ఎవరి పేరున్నదో వారే యజమాని. పైడిరాజు నిచ్చెన తెప్పించుకుని మొత్తం దింపి రాసుకున్నాడు.

వారంలో నోటీసు వచ్చింది. వరహాలమ్మ ముప్పై ఎనిమిది గృహములతో వినిమయము జరుపుచున్నది. ఒక గృహము నుండి సాలీనా లాభము, పొరుగువారు శ్రీ ధనుంజయరావు గారు స్వయముగా ప్రకటించిన ప్రకారం, ఇరవై ఒక్క వేల నూట డెబ్బై. ముప్పై ఎనిమిదింటికి కలిపి ఎనిమిది లక్షల నాలుగు వేల నాలుగు వందల అరవై. ఇంత ఆదాయము గలవారు పింఛనునకు అనర్హులు, ఈ నెల నుండి నిలుపుదల చేయడమైనది.

ఆవిడ ఆ కాగితం చదివించుకోవడానికి నా దగ్గరికే తెచ్చింది. నేను చదివాను. నా పేరున్న వాక్యం దగ్గర కొంచెం గబగబా చదివాను. మా ఆవిడ వెనకే నిలబడి ఉంది.

"ఆగండి. ఆ వాక్యం మళ్లీ చదవండి" అంది.

చదివాను.

"నా కూర అరవై రూపాయలని రాశారా?"

"పట్టికలో అంతే ఉంది."

"అది పక్కన పెడతాను. నేను పిన్నిగారికి కూర పంపితే మనకు నష్టమొచ్చిందని గవర్నమెంటుకి రాశారా?"

నేను పన్నెండో సెక్షను గురించి చెప్పబోయాను. సుభాషిణి ఇరవై తొమ్మిదేళ్లలో నా మీద అరిచింది లేదు, ఆ వేళా అరవలేదు. ఆవిడ పెరట్లోకి వెళ్లి, మళ్లీ వచ్చి, "ఈ లెక్క ఎలా రాశారో అలా చెరిపేసి రండి. అంతవరకూ ఈ ఇంట్లో గిన్నె మీకు రాదు" అంది. ఆ పూట కంచంలో నాకు అన్నం, మజ్జిగ మాత్రమే వచ్చాయి. నాకు సిగ్గేసింది. ఆకలి కూడా వేసింది, కానీ సిగ్గు ముందు వేసింది.

విచారణకు వరహాలమ్మను రిక్షాలో తీసుకెళ్లాను. సహాయ పాత్రాధికారి పేరు సర్వోత్తమరావు. ఆయన నోరు విప్పితే ప్రతి వాక్యం కిందా రబ్బరు ముద్ర పడినట్టుంటుంది.

"సదరు అసెస్సీ గృహమందు ముప్పై ఎనిమిది ఇతరుల పాత్రలు లభ్యమైనవి. వివరణ?"

"అవి పెళ్లి చదివింపులండి. యాభై ఏళ్ల కిందటివి."

"అనగా యాభై సంవత్సరములుగా పాత్రలు తిరిగి ఇవ్వలేదు."

"చదివించిన గిన్నె తిరిగెవరిస్తారండీ?"

"ఇవ్వలేదని ప్రతినిధి అంగీకరించినారు. రాసుకో పైడిరాజూ."

"పేర్లున్నవాళ్లను అడిగి చూడండి సార్."

"అడగడమైనది. ముప్పై ఎనిమిది నోటీసులు పంపగా ఇరవై తొమ్మిదింటికి సమాధానము రాలేదు."

"వాళ్లు పోయారండి."

"నిర్ణీత గడువులో సమాధానము ఇవ్వనివారు ఆరోపణను అంగీకరించినట్లు నిబంధన. ఎక్కడికి పోయినారన్నది అప్రస్తుతము."

"మిగతా తొమ్మిదిమంది?"

"నలుగురు జ్ఞాపకము లేదన్నారు. ఐదుగురు సదరు పాత్రలను వెంటనే ఇప్పించవలసిందిగా కోరినారు."

నేను ఊపిరి తీసుకున్నాను. "ఒక్క మనిషి, డెబ్బై దాటిన మనిషి, రోజుకి ముప్పై ఎనిమిది గిన్నెల కూర ఎలా తింటుందండీ?"

"భుజించుట మా శాఖ పరిధిలోనిది కాదు. స్వీకరించుట మాత్రమే మా పరిధి."

వరహాలమ్మ బల్ల మీద మెల్లగా వంగి, "ఒక్క గిన్నే బాబూ. ఈ బాబు గారింటిదే. అబద్ధమాడితే నా కళ్లు పోతాయి, అవెలాగా పోనాయనుకోండి" అంది. పైడిరాజు నవ్వబోయి దగ్గాడు.

సర్వోత్తమరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తీశాక ఆయన భాష కూడా మారింది. "చూడండి ధనుంజయరావు గారూ, నాకు మాత్రం సరదానా? ఫైలు మూసే దారి ఒకటుంది" అని ఒక అచ్చు ఫారం నా ముందుకు తోశాడు. ఖాళీ గిన్నె మినహాయింపు పత్రం. గిన్నె వట్టిగా ఇచ్చానని ఈవిడ వేలిముద్ర వేస్తే అంతా దానం కిందికి వస్తుంది. దానం పుచ్చుకున్నవాళ్లకు పన్ను లేదు. కరివేపాకు సంగతి "తోమునప్పుడు పాత్రకు అంటుకుని మిగిలిన ఆకు" అని ఆయనే రాసుకుంటాడు. ముప్పై ఎనిమిది పేర్లూ కొట్టేస్తాడు. వచ్చే నెల నుంచి పింఛను.

అది కాకపోతే రెండో దారి చిన్న వర్తకుల సరళ పథకం. వంద రూపాయలు కట్టి వ్యాపారిగా నమోదైతే పాత లెక్కలన్నీ మాఫీ. కాని వ్యాపారికి పింఛను రాదు, ఎప్పటికీ.

ఇందులో ఆలోచించాల్సింది ఏముంది? నేను ఇంకు పెట్టె దగ్గరికి జరిపాను.

"ఏటి రాసినారందులో?" అంది వరహాలమ్మ.

చదివి వినిపించాను. "నేను పొరుగువారి నుండి కూర తీసుకుని వట్టి గిన్నె తిరిగి ఇచ్చితిని. ఇకమీదట కూడా వట్టి గిన్నెయే ఇచ్చెదను."

"నానలాగ ఇవ్వనేదు."

"తెలుసు పిన్నీ. ఇది ఉత్తి కాగితం. వేలిముద్ర వేసేసి, ఇంటికెళ్లి మీ ఇష్టమొచ్చినట్టు ఆకు వేసుకోండి." సర్వోత్తమరావు గారు ఆ క్షణంలో ఫ్యానుకేసి చూస్తూ సహకరించాడు.

"ఏలిముద్ర ఏసీసినాక ఆ మాట నాదే కదేటి" అంది ఆవిడ. "రోజూ ఒకలింటి కూర తినీసి ఒట్టి గిన్నె ఇచ్చీదాన్ని ఏటంటారు బాబూ? ముష్టిదంటారు. మాయాయన పోయినప్పుడు కూడా నానెవులి దగ్గిరా చెయ్యి చాపనేదు. ఆ రెండోదేటన్నారు?"

"అది వ్యాపారం పిన్నీ. అది రాస్తే పింఛను పోతుంది."

"ఎంత పోద్ది?"

"మొత్తం. నాలుగు వేలూ."

ఆవిడ బల్ల అంచు పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటున్నట్టు కదిపింది. బియ్యానికెంత, మాత్రలకెంత, కరెంటుకెంత అని ఆవిడ లోపల వేసుకుంటున్న లెక్క నాకు తెలుస్తూనే ఉంది, నా వృత్తే అది కదా. ఎక్కడా కలవదని కూడా తెలుస్తోంది. దయచేసి మొదటిదానికే ఒప్పుకో తల్లీ అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"పోతే పోనీండి. ఏపారమని రాసీండి" అంది.

"పిన్నీ."

"నాను ఆకు ఇచ్చినాను, కూర పుచ్చుకున్నాను. అది ఏపారమైతే ఏపారమే. ముష్టి మాత్రం కాదు. రాసీండి."

సర్వోత్తమరావు గారు కళ్లజోడు పెట్టుకున్నాడు. "అసెస్సీ స్వచ్ఛందముగా వర్తకురాలిగా నమోదు కోరినందున తదనుగుణముగా ఉత్తర్వులు జారీ చేయడమైనది" అన్నాడు, కాని ఈసారి ముద్ర సరిగ్గా పడలేదు. వంద రూపాయలు నేనివ్వబోతే ఆవిడ కొంగుముడి విప్పి తనే కట్టింది. రసీదు మీద "వరహాలమ్మ, ఆకు వర్తకురాలు" అని ఉంది. దారి పొడుగునా దాన్ని మడత పెట్టకుండా పట్టుకుని కూచుంది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. సుభాషిణి అంతా విని, "అయితే నెలకు నాలుగు వేల ఆకు మనం కొంటాం" అంది.

"నాలుగు వేల కరివేపాకా? ఇద్దరు మనుషులకా?"

"నష్టమొస్తే రాసుకోండి" అంది.

డబ్బు ఊరికే ఇస్తే వరహాలమ్మ పుచ్చుకోదని ఇద్దరికీ తెలుసు. అందుకని బేరం పద్ధతిగానే కుదిరింది. నాలుగు వేల మాట విని ఆవిడ, "అంత ధర ఎక్కడైనా ఉందేటి?" అంది. సుభాషిణి, "ఇంటికే వచ్చే ఆకు ఇది, రోజూ తాజాగా కావాలి, ఒక్క రోజు మానకూడదు" అని గట్టిగా షరతులు పెట్టింది. వర్తకురాలు ఆలోచించి ఒప్పుకుంది. అప్పటి నుంచి రోజూ పొద్దున్న తోమిన గిన్నె మీద ఒక కట్ట ఆకు వస్తోంది. మేము కరివేపాకు కారం, కరివేపాకు పచ్చడి, మునగాకు పప్పు, మునగాకు పొడి తింటున్నాం. నా దగ్గరికి వచ్చినవాళ్లందరికీ ఫారంతో పాటు ఒక రెబ్బ ఇస్తున్నాను, అది కూడా ఫారంలో చూపించాలని పైడిరాజు చెప్పి వెళ్లాడు.

మొదటి నెల ముగిసింది. నాలుగు వేలూ కవర్లో పెట్టి ఇచ్చాను. వరహాలమ్మ మా అరుగు మీద కూర్చుని, నోట్లు కళ్లకు దగ్గరగా పెట్టుకుని లెక్కపెట్టింది. నాలుగు వంద నోట్లు తీసి నా ముందు పెట్టింది.

"ఇదేంటి పిన్నీ?"

"నెల మజ్జిలో తుపానొచ్చింది కాదేటి. మూడు రోజులు నాను ఆకు ఇవ్వనేదు. మూడు రోజులకి నాలుగొందలు. సూసుకోండి, లెక్క తప్పితే సెప్పండి."

వేసి చూశాను. తప్పలేదు. ఇరవై ఆరేళ్లలో కొన్ని వేలమంది ఆదాయాలు ఫారాల్లో ఎక్కించాను. తనకు రాకూడని రూపాయి ఒకటి వచ్చిందని చెప్పి వెనక్కిచ్చిన మనిషిని చూడలేదు. ఫారమంతా వెతికాను, దాన్ని చూపించడానికి ఎక్కడా గడి లేదు.

"ఉంచండి పిన్నీ, పరవాలేదు" అన్నాను.

"అలగైతే రేపట్నించి ఆకు ఇంకోలికి ఇచ్చీసుకుంటాను" అంది ఆవిడ, లేవకుండా.

నేను ఆ నాలుగు వందలూ తీసుకున్నాను. ఆవిడ ఎదుటే రెండుసార్లు లెక్కపెట్టి మరీ జేబులో పెట్టుకున్నాను. అప్పుడు లేచి వెళ్లింది.